కాకి వేటకు ఎన్‌ఓసీ

ముందు టీ పోసుకోండి, కథ కాస్త పెద్దది. మొన్న శుక్రవారం మీరంతా వాదీలో వాగు ఒడ్డుకి పిక్నిక్ వెళ్ళి, "బాబ్జీ ఎందుకు రాలేదు, ఫోనైనా ఎత్తడేం?" అని తిట్టుకున్నారు కదా? ఆ టైములో నేను అల్ ఖౌద్‌లో మా మేడ మీద ఉన్నాను. పట్టుపంచె కట్టుకుని, ఒక కాకి ముందు చేతులు జోడించి, మా నాన్నగారి తుపాకీ లైసెన్సు రెన్యూవల్ చేయిస్తానని హామీ ఇస్తున్నాను. పక్కన మా ఇంటి ఓనరు, వీడియో కాల్లో మా అమ్మ. నవ్వకండి! ఇంకా చాలా ఉంది.

సంగతి మా నాన్నగారి దగ్గర మొదలెట్టాలి. మాది గోదావరి జిల్లాలో అడవి అంచున ఉండే ఊరు. రాత్రయితే పందులు చేలమీద పడి జొన్నా, కర్రపెండలం మొత్తం కుళ్ళబొడిచేసేవి. వాటి కోసమే మా నాన్నగారికి లైసెన్సున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. చుట్టుపక్కల పేరు మోసిన వేటగాడాయన. ఒకసారి మంచె మీంచి పడి ఎడమకాలు వంకరైంది, అయినా వేట మానలేదు. ఆ కుంటినడకతోనే అడవంతా తిరిగేవారు. కౌజుపిట్టలంటే ప్రాణం. పంజరంలో ఒక కౌజుని పెంచి, దాన్ని పొదల పక్కన పెడితే, అది కూసిన కూతకి మిగతావి వచ్చి వలలో పడేవి. అలా ఎరగా పెట్టిన పిట్టని మావైపు దీమం అంటారు.

ఓసారి ఎలక్షన్లొచ్చాయి. తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారు. నాన్నగారు చేశారు. ఈలోపు లైసెన్సు గడువు దాటిపోయింది. ఇంక చూడండి, ఆయన మిగతా జీవితమంతా ఆ రెన్యూవల్ వెనకే తిరిగారు. ఒకసారి ఫోటో పాతదన్నారు, ఒకసారి సంతకం కలవలేదన్నారు. అడవిలో పంది వెనక కూడా ఆయన అంత తిరగలేదు. చివరికి తుపాకీ స్టేషన్లోనే ఉండిపోయింది, ఆయన పైకి వెళ్ళిపోయారు.

ఇంక నేనంటారా, దీపావళి తుపాకీ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. కాంట్రాక్టింగ్ కంపెనీలో ఎస్టిమేషన్లు వేసుకునే మనిషిని. పులి కడుపున పిల్లి పుట్టదంటారు. నన్ను చూసినప్పటినుంచీ ఆ సామెత మీద నమ్మకం పోయిందంటుంది మా అమ్మ.

మా ఇంటి ఓనరు అబూ సాలిం మీకు తెలుసు కదా? కింద వాళ్ళుంటారు, పైన మేం. రిటైరైన అరబ్బు పెద్దమనిషి. వాళ్ళ మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, గోడకి ఒక పాత తుపాకీ ఉంటుంది, వెండి కట్లు కట్టింది. వాళ్ళ తాతగారిదట. ఈద్‌కీ పెళ్ళిళ్ళకీ భుజాన వేసుకుని వెళ్తారు, మళ్ళీ తుడిచి గోడకి తగిలిస్తారు. ఒకరోజు సాయంత్రం కహ్వా తాగుతుంటే ఆయన కుర్రతనంలో కొండల్లో వేటాడిన కబుర్లు చెప్పారు. "ఇప్పుడు వేట ఖలాస్. కొండమేకని ముట్టుకుంటే జైలు. మంచిదే. మేం కొట్టినవి చాలు" అన్నారు. ఆయన హిందీ, నా హిందీ కలిస్తే ఒక భాషవుతుంది. దాంతో మా ఇద్దరికీ బాగానే జరిగిపోతుంది.

అక్కడ ఊరుకుంటే పోయేది. ఖర్జూరం నోట్లో వేసుకుని, "మా నాన్న కూడా పెద్ద షికారీ. ఆ రక్తమే నాది" అనేశాను.

ఆయన నన్ను చెప్పుల దగ్గర్నుంచి కళ్ళజోడు దాకా ఓసారి చూశారు. "అయితే కాకుల్ని పట్టగలవా?" అన్నారు.

ఆయనకి ఇప్పుడున్న శత్రువు కాకి ఒక్కటే. పావురాల గుడ్లు తాగేస్తుంది, ఖర్జూరం పాడుచేస్తుంది, కారు వైపర్ల రబ్బరు పీకేస్తుంది. మళ్ళీ అది మన ఊరి కాకే! ఓడలెక్కి వచ్చేసిందట. వీసా లేదు, రెసిడెంట్ కార్డు లేదు, మనకంటే ముందొచ్చి సెటిలైపోయింది. ఇక్కడి పక్షుల్ని బతకనివ్వడం లేదని, కాకుల్ని తగ్గించాలని గవర్నమెంటువాళ్ళు చూస్తున్నారు. అబూ సాలిం పర్మిషన్ తీసుకుని మేడ మీద పెద్ద బోను పెట్టించారు. గది అంత ఉంటుంది. పైన నిచ్చెన మెట్లలాగా సందులు. కాకి రెక్కలు ముడుచుకుని లోపలికి దూకగలదు, రెక్కలు విప్పి బయటికి ఎగరలేదు. లోపల ఒక కాకి ఎప్పుడూ ఉండాలి, మిగతావి దాన్ని చూసి వస్తాయి. అంటే దీమమే! పడ్డవాటిని పర్మిషన్ ఇచ్చిన ఆఫీసువాళ్ళొచ్చి తీసుకెళ్తారు.

"దీమం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అన్నాను. ఆ రోజునుంచి బోను బాధ్యత నాది.

మా సుజాత మాత్రం, "ఏవండీ, ఆఫీసులో ఒక్క టెండరు పట్టలేని మనిషి కాకుల్ని పడతారా?" అంది. ఆ మాటతో పట్టుదల వచ్చేసింది నాకు. బోను ఒక్కటే ఏం గొప్ప, షికారీ అన్నాక చేతిలో తుపాకీ ఉండాలి కదా! ఎయిర్‌గన్‌కి కూడా పర్మిట్ కావాలంటే అప్లికేషన్ పెట్టేశాను. పాస్‌పోర్ట్ కాపీ, కార్డు కాపీ, ఓనరు లెటరు, కంపెనీ నుంచి ఎన్‌ఓసీ.

మా హెచ్ఆర్ మలయాళీ ఆయన. చాలాసేపు కాగితం చూసి, "బాబ్జీ సర్, నో అబ్జెక్షన్ ఫర్ వాట్?" అన్నాడు.

"టు షూట్ క్రోస్."

"కంపెనీ కాకులా, పర్సనల్ కాకులా?"

"పర్సనల్."

ఆయన సీరియస్‌గా స్టాంపు కొట్టాడు. అప్లికేషన్ మాత్రం వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చేది. ఫోటోకి వెనక రంగు తప్పన్నారు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, కార్డులో ఇంటిపేరు కలవలేదన్నారు. నేను వదుల్తానా? మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పెట్టాను. నాన్నగారి వారసత్వం ఇంకేం రాకపోయినా ఇదొక్కటీ వచ్చిందనుకున్నాను.

ఈలోపు బోనులో కాకులు పడుతూనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది వాటికి లీడరు. ఎడమకాలు కాస్త వంకర, కుంటుతూ నడుస్తుంది. బోను పైన కూర్చుని, లోపలికి చూసి, నన్ను చూసి, పిట్టగోడ మీద ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయేది. నా రక్తం ఉడికిపోయేది. చేప తలకాయలు పెట్టాను, రాలేదు. కోడిగుడ్డు పెట్టాను, రాలేదు. చివరికి సుజాత నా కోసం వేయించిన వంజరం ముక్క, నేను తినకుండా, మీరు నమ్మాలి, తినకుండా దాచి బోనులో పెట్టాను. పడింది! అబూ సాలిం పైకొచ్చి నా భుజం తట్టారు. ఆ కుంటి కాకినే దీమంగా ఉంచేశాం.

అప్పట్నుంచి మొదలైంది అసలు తంటా. కాకులు మనిషి మొహం మర్చిపోవట! నేను మేడెక్కితే చాలు, వీధిలో కాకులన్నీ వచ్చి తల మీద పొడిచేవి. ఆఫీసుకి బయల్దేరితే కారు దాకా అరుచుకుంటూ వచ్చేవి. వాన లేని ఊర్లో గొడుగు వేసుకుని పార్కింగ్‌కి వెళ్తుంటే, వాచ్‌మన్ నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకునేవాడు.

సరే. పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ కాకినాడలో మా చెల్లి దగ్గర ఉంటుంది. "ఒరేయ్ బాబ్జీ, శుక్రవారం నాన్నగారి తిథి. లీవు లేదన్నావు కదా, అక్కడే పెట్టు. ఆయనకిష్టమైనవన్నీ వండించి, ఆకులో పెట్టి మేడ మీద ఉంచు. కాకి ముట్టాకే నేనిక్కడ ముద్ద ముడతాను. కాకులున్నాయి కదరా అక్కడ?"

"కాకులకేం తక్కువమ్మా!" అన్నాను. చూశారా బుర్ర? ఆ క్షణంలో కూడా నాకు వెలగలేదు!

శుక్రవారం పొద్దున్నే సుజాత తలస్నానం చేసి వంటకి కూర్చుంది. గారెలు, ముద్దపప్పు, పరమాన్నం, కౌజుపిట్టల వేపుడు. నాన్నగారు అడవిలో పట్టి తెచ్చేవారు, నేను హైపర్‌మార్కెట్ ఫ్రీజర్లోంచి ట్రాలీలో తెచ్చాను. ఎవరి వేట వాళ్ళది. అరిటాకులో అన్నీ వడ్డించి, మేడ మీద పిట్టగోడ పక్కన పెట్టి, నీళ్ళు వదిలి, దణ్ణం పెట్టుకుని వెనక్కి జరిగాను.

ఎదురింటి వాటర్ ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి కాకులు. ఆకు చూశాయి. నన్ను చూశాయి. కావుమని ఒకటే గోల! ఒక్కటి కదిలితే ఒట్టు. అప్పుడు, అప్పుడు వెలిగింది నాకు. వాటికి నా మొహం గుర్తే కదా!

తలుపు వెనక దాక్కున్నాను. రాలేదు. సుజాత చీర కొంగు కప్పుకున్నాను. రాలేదు. ఫోన్ మోగింది.

"ముట్టిందా?"

"వస్తోందమ్మా."

"మాత్ర వేసేసుకున్నాన్రా, తొందరగా కానీ."

షుగర్ మాత్ర! తినకుండా మాత్ర వేసుకుంటే అమ్మకి కళ్ళు తిరుగుతాయి. పోయినసారి అలాగే వంటింట్లో పడిపోయింది. "అమ్మా, నువ్వు ముందు తినేయవే, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. "ఆయన తినకుండా నేను ఏనాడైనా తిన్నానా?" అంది. చెల్లి వెనకనుంచి, "అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యి, అమ్మకి చేతులు వణుకుతున్నాయి" అంటోంది. అక్కడ మధ్యాహ్నం దాటిపోతోంది. ఇంక నవ్వులాట కాదనుకున్నాను. ఈ రోజు కాకి ముట్టాల్సిందే, అమ్మ తినాల్సిందే.

"సీబ్ బీచికి పోదాం పదండి. అక్కడి కాకులకి మీ మొహం తెలీదు" అంది సుజాత. బంగారం లాంటి ఐడియా! ఇంకో ఆకు వడ్డించి, ఆవిడ ఒళ్ళో పెట్టుకుంటే, నేను పట్టుపంచెతో కారు నడుపుకుంటూ వెళ్ళాం. ఇసుకలో ఆకు పెట్టానో లేదో, ఆకాశంలోంచి ధన్‌మని దిగింది ఒక పక్షి. గారె పట్టుకుని లేచిపోయింది. దాని వెనక ఇంకో పది. అన్నీ తెల్లగా, లావుగా, సముద్రపు పక్షులు. కళ్ళు మూసి తెరిచేలోపు ఆకు కూడా ఎగిరిపోయింది.

సుజాత వీడియో కాల్లో చూపిస్తూ, "అత్తయ్యగారూ, ఇది సముద్రపు కాకి అనుకోండి. కాస్త తెల్లగా ఉందంతే. సరిపెట్టుకుందామా?" అంది.

అమ్మ కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. "మీ మావయ్యగారు ఏనాడైనా అంత తెల్లగా ఉన్నారా అమ్మా?" అంది.

మళ్ళీ ఇంటికి. దారిపొడుగునా అమ్మ గొంతు నీరసపడుతోంది. మేడెక్కేసరికి మొదట పెట్టిన ఆకు పెట్టినట్టే ఉంది. అప్పుడు నా కన్ను బోను మీద పడింది. లోపల కుంటి కాకి తాపీగా కూర్చుని చూస్తోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది! ఆకు పట్టుకెళ్ళి బోను అడుగు సందులోంచి దాని ముందుకి తోశాను. అది ఆకు వంక ఒకసారి చూసి, వీపు తిప్పుకుని కూర్చుంది.

"ఏమిట్రా ఆ చువ్వలు?" అంది అమ్మ.

చెప్పక తప్పలేదు. బోను, దీమం, వేట, అన్నీ చెప్పేశాను. అమ్మ మొహం ఫోనుకి దగ్గరగా పెట్టింది.

"అంటే మీ నాన్నగారు అంతదూరం వస్తే బోనులో పెట్టి అన్నం పెడతావా?" అంది. "ఎవరైనా తింటార్రా అలా? తలుపు తియ్యి."

తలుపు తియ్యడం నా చేతిలో ఉందా? దీమాన్ని వదలకూడదని రూలు. పర్మిషన్ ఓనరు పేరు మీద ఉంది. ఆఫీసువాళ్ళొచ్చి అడిగితే మాటపడేది ఆయన. నేను గడియ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. ఇంతలో మెట్ల మీద చప్పుడు. శుక్రవారం నమాజుకి వెళ్ళొచ్చి, తెల్లటి దిష్‌దాషా, ఆ పొడుగు చొక్కాలో అబూ సాలిం. పంచె, ఆకు, బోనులో వేపుడు, ఫోన్‌లో ఏడుస్తున్న ముసలావిడ, అన్నీ ఒక్కొక్కటిగా చూశారు.

"శూ హాదా? ఏమిటిదంతా?"

నా సగం హిందీలో చెప్పాను. ఈ రోజు మా నాన్న పోయిన రోజు. ఈ రోజున ఆయన కాకి రూపంలో వచ్చి భోంచేస్తారని మా నమ్మకం. ఆయన తింటేగానీ మా అమ్మ తినదు. అమ్మకి షుగరు.

ఆయన గడ్డం నిమురుకున్నారు. బోనులోకి చూశారు. నన్ను చూశారు.

"సదీక్, దోస్త్," అన్నారు మెల్లగా, "అయితే ఇన్నాళ్ళూ మనం పట్టి పంపినవాళ్ళలో ఎవరెవరి నాన్నలున్నారు?"

సుజాత పిట్టగోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

అబూ సాలిం ఫోన్‌లోకి వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అమ్మకి సలాం చెప్పారు. తర్వాత నా చెయ్యి పక్కకి తీసి, ఆయనే గడియ లాగారు. "ఆఫీసువాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. మీ అమ్మ తినాలి" అన్నారు. నేను ఆకు మళ్ళీ పిట్టగోడ దగ్గర పెట్టాను.

కాకి బయటికొచ్చింది. కుంటుకుంటూ మేడ మీద నాలుగడుగులు వేసింది. ఫోన్‌లో కేక!

"ఒరేయ్! ఆ నడక చూడరా! ఆ ఎడమకాలు చూడరా!"

చెల్లి కూడా "నాన్నా!" అంది. ఇన్నాళ్ళూ ఆ కాలు చూసి కాకిని గుర్తుపట్టాను గానీ, ఆ నడక ఎక్కడ చూశానో ఒక్కసారీ ఆలోచించలేదు. కళ్ళు తుడుచుకునేలోపే అది రివ్వున ఎగిరి ట్యాంకు మీద వాలింది. ఆకు ముట్టలేదు.

"ఏదో కోరిక మిగిలిపోయిందిరా ఆయనకి" అంది అమ్మ. "మాట ఇవ్వరా, మాట ఇవ్వు!"

మన వాళ్ళకి తెలిసిందే కదా, కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ కోరికలు తీరుస్తామని చెప్పాలి. చేతులు జోడించి, ట్యాంకు వైపు తిరిగి మొదలెట్టాను. "నాన్నా, అమ్మని బాగా చూసుకుంటాను." కదల్లేదు. "చెల్లితో గొడవపడను." కదల్లేదు. "తుపాకీ!" అంది అమ్మ. "నాన్నా, ఈసారి ఊరొచ్చినప్పుడు స్టేషన్‌కెళ్ళి మీ తుపాకీ విడిపిస్తాను, రెన్యూవల్ చేయిస్తాను!" తల తిప్పింది. అంతే. నమ్మకం లేనట్టుంది.

అబూ సాలిం నెమ్మదిగా నా చెవి దగ్గరికొచ్చి, "నువ్వు ఆయనకి చేసింది ఏమిటో అది చెప్పు" అన్నారు.

పరువు పోతే పోయిందనుకున్నాను. వీధి వీధంతా వినేలా అరిచాను. "నాన్నా, తప్పైపోయింది! ఇంక ఈ జన్మలో ఒక్క కాకి జోలికి పోను! బోను ముట్టుకోను! ఎయిర్‌గన్ వద్దు, ఏమీ వద్దు! మీరొచ్చి తినండి, అమ్మ పడిపోయేలా ఉంది!"

కాకి ఒక్క క్షణం ఆగింది. దిగింది. కుంటుతూ వచ్చి పప్పుని పక్కకి తోసింది, పరమాన్నం తొక్కింది, కౌజుపిట్ట తొడ పట్టుకుని అక్కడే, మా అందరి ముందే, పీక్కుని తింది. అమ్మ ఏడుస్తూనే చెల్లి చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుంది. "పప్పు ఎప్పుడూ అలాగే పక్కకి తోసేసేవారు" అంది నమలుతూ. అబూ సాలిం అక్కడే కింద కూర్చుని సుజాత తెచ్చిచ్చిన రెండు గారెలు తిన్నారు, బాగున్నాయన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారా? ఆదివారం ఆఫీసుకి వెళ్తే హెచ్ఆర్ ఎదురొచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "బాబ్జీ సర్, కంగ్రాచులేషన్స్! మీ క్రో పర్మిట్ అప్రూవ్ అయింది!"

కాగితం తెచ్చి అమ్మకి వీడియోలో చూపించాను. స్టాంపు, సీలు, ఫోటో, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాన్నగారు జీవితమంతా తిరిగినా రాని తుపాకీ కాగితం ఇన్నాళ్ళకి మా వంశంలో ఒకడి చేతికొచ్చింది. ఫ్రేము కట్టించుకోమంది అమ్మ.

కట్టించి వంటింట్లో తగిలించాను. కిటికీ పక్కనే. రోజూ నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి ఆ కిటికీలో కుంటి కాకి వాలుతుంది. సుజాత తలమీద కొంగు సర్దుకుని, "మావయ్యగారొచ్చారండీ" అని కేకేస్తుంది. నేను, కాకుల్ని కాల్చడానికి సర్వహక్కులూ ఉన్న వేటగాణ్ణి, పళ్ళెంలో ఉప్మా పట్టుకుని పరిగెడతాను. ఈ రోజు జీడిపప్పు వెయ్యలేదని చేతిమీద పొడిచారు. ఇదిగో, చూడండి, ఇంకా వాపు తగ్గలేదు.